జర్మన్‌లో ఓటు, ఎన్నిక: "వాల్", "ష్టిమ్మె" అనే రెండు మాటల దగ్గర మనం ఎందుకు తడబడతాం?

నీలిసిరా

అందరికీ నమస్కారం. నేను డార్మ్‌ష్టాట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ, జర్మన్ భాషలో బీ1 స్థాయి పూర్తిచేసి ప్రస్తుతం బీ2 చదువుతున్నాను. పోయిన వారం మా కార్యాలయం నోటీసు బోర్డు మీద "వాల్‌ఆవుస్‌ష్రైబెన్" అనే శీర్షికతో నాలుగు పుటల కాగితం అంటించారు. "ష్టెల్లెన్‌ఆవుస్‌ష్రైబుంగ్" అంటే ఉద్యోగ ప్రకటన అని తెలిసి ఉండటం వల్ల, ఇది కూడా ఏదో ఖాళీ భర్తీకి సంబంధించినదే అయి ఉంటుందనుకుని చదవకుండా వదిలేశాను. తీరా చూస్తే అది "బెట్రీబ్స్‌రాట్", అంటే సంస్థలోని ఉద్యోగుల ప్రతినిధి మండలి ఎన్నికల ప్రకటన. అందులో నాకు కూడా ఓటు ఉందట.

అంతటితో ఆగలేదు. ఆ ఎన్నికలో నిలబడుతున్న సహోద్యోగిని ప్రోత్సహిద్దామని "ఇష్ వేలె ఫ్యూర్ డిష్" అన్నాను. నీకు ఓటు వేస్తాను అని నా ఉద్దేశం. ఆయన నవ్వి, "నా ఓటు నేనే వేసుకోగలను" అన్నాడు. నేను ఎక్కడ తప్పులో కాలేశానో అప్పుడు అర్థం కాలేదు.

ఓటుకు, ఎన్నికకు సంబంధించిన మాటలను ఏ క్రియతో, ఏ విభక్తితో వాడాలో తెలిసినవారు వివరించగలరా? పదాల పట్టికలు నా దగ్గర చాలానే ఉన్నాయి కానీ, వాటితో వాక్యం కట్టబోయే సరికి అన్నీ విడిపోతున్నాయి.

నిఘంటువు

నీలిసిరా గారూ, మీరు అన్న వాక్యానికి "నీ బదులు నేను ఎంచుతాను" అనే అర్థం వస్తుంది. హోటల్లో స్నేహితురాలి తరఫున భోజనం ఎంచేటప్పుడు ఆ వాక్యం చక్కగా సరిపోతుంది. ఎన్నికలో మాత్రం "వేలెన్" అనే క్రియకు "ఫ్యూర్" అక్కర్లేదు. ఎవరిని ఎన్నుకుంటామో ఆ వ్యక్తి నేరుగా ద్వితీయా విభక్తిలో వస్తాడు. "ఇష్ వేలె డిష్" అంటే చాలు. "ఫ్యూర్" వాడాలని ఉంటే క్రియను మార్చి "ఇష్ ష్టిమ్మె ఫ్యూర్ డిష్" అనాలి. హైదరాబాదులో పన్నెండేళ్లుగా జర్మన్ బోధిస్తున్న నాకు ప్రతి తరగతిలోనూ ఈ పొరపాటు ఎదురవుతుంది. తెలుగులో "నీకు ఓటు వేస్తాను" అంటాం కాబట్టి ఆ "కు" ఎక్కడికి పోవాలో తెలియక "ఫ్యూర్"లో వచ్చి చేరుతుంది.

ఇక అసలు మాటల సంగతి. "డీ వాల్" అనే స్త్రీలింగ పదానికి మొదటి అర్థం ఎంపిక, ఎన్నిక అనేది ఆ తరువాత వచ్చి చేరినది. అందుకే దుకాణంలో "ట్స్వైటె వాల్" అని రాసి ఉంటే అది రెండవ విడత పోలింగు కాదు, రెండవ రకం సరుకు. ఫోను నంబరు నొక్కడానికి కూడా "వేలెన్" అనే క్రియనే వాడతారు. "వేర్ డీ వాల్ హాట్, హాట్ డీ క్వాల్" అనే నానుడి కూడా వినే ఉంటారు. ఎంచుకునే అవకాశం ఉన్నవాడికే యాతన అని దాని తాత్పర్యం. మన "ఎన్నిక"లోనూ ఇటువంటి లోతే ఉంది. "ఎన్ను" అంటే లెక్కపెట్టడం, ఎంచడం రెండూ కదా. జర్మన్ మాటలో మాత్రం లెక్కపెట్టడం లేదు, ఎంచడం ఒక్కటే ఉంది. లెక్కకు "త్సేలెన్" అనే వేరే క్రియ ఉంది.

రెండవ మాట "డీ ష్టిమ్మె". దీనికి గొంతు, స్వరం అని అర్థం; ఓటు అని కూడా అదే పదం. ఓటు వేయడాన్ని "జైనె ష్టిమ్మె అబ్‌గేబెన్" అంటారు, అంటే తన గొంతును అప్పగించడం అన్నమాట. మనం ఓటును పెట్టెలో వేస్తాం, వాళ్లు గొంతును అప్పగిస్తారు. ఆ "అబ్‌గేబెన్" అనే క్రియనే ఇంటిపని ఉపాధ్యాయుడికి ఇచ్చేటప్పుడూ, కోటును నాటకశాలలో భద్రపరచడానికి ఇచ్చేటప్పుడూ వాడతారు. ఉపసర్గ విడిపోయే క్రియ కనుక "ఇష్ గేబె మైనె ష్టిమ్మె అబ్" అని చివర "అబ్" తప్పక రావాలి. దాన్ని మరిచిపోతే నా గొంతు ఇస్తున్నాను అని ఏదో పాటల పోటీలో చెప్పినట్లుంటుంది.

సందేహి

నేను ఏ1 స్థాయిలోనే ఉన్నాను కాబట్టి నా ప్రశ్న చిన్నది. "వాల్" అని దీర్ఘం పలకాలా, "వల్" అని హ్రస్వం పలకాలా? నిన్న ఒక వీడియోలో తిమింగలం గురించి కూడా ఇదే మాట విన్నాను.

నిఘంటువు

సందేహి గారూ, దీర్ఘమే పలకాలి. తిమింగలానికి కూడా ఉచ్చారణ అక్షరాలా అదే, వర్ణక్రమంలో మాత్రం ఎన్నికకు ఒక "హ" ఎక్కువ ఉంటుంది, అది పలకదు. లింగం కూడా వేరు: తిమింగలం "డెర్ వాల్", ఎన్నిక "డీ వాల్". హ్రస్వంగా "వల్" అని పలికితే కోట చుట్టూ పోసిన మట్టికట్ట అవుతుంది. హ్రస్వదీర్ఘాల తేడా పుట్టుకతో వచ్చిన తెలుగువాళ్లం కనుక ఇది మనకు కష్టం కాకూడదు. "ఫ్యూర్", "హ్యూర్డె" వంటి చోట్ల మాత్రం మన లిపి పూర్తిగా సాయపడదు. అక్కడ "ఈ" పలుకుతూ పెదవులను "ఊ" ఆకారంలో ఉంచాలి. నేను రాసే "యూ" కేవలం దగ్గరి గుర్తు.

పాతకాపు

లైప్‌జిగ్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. పౌరసత్వం తీసుకున్న తరువాత రెండుసార్లు పోలింగు కేంద్రంలో "వాల్‌హెల్ఫర్", అంటే ఎన్నికల సహాయకుడిగా కూర్చున్నాను. ఆ రెండు ఆదివారాల్లో నేర్చుకున్నన్ని మాటలు నాకు ఏ కోర్సులోనూ రాలేదు కనుక, ఓటరు నడిచే దారినే అనుసరిస్తూ రాస్తాను.

ఇక్కడ విడిగా ఓటరుగా నమోదు చేసుకునే పని లేదు. నగరంలో చిరునామా నమోదై ఉంటే, అర్హత ఉన్నవారి పేరు "వేలర్‌ఫెర్ట్సైష్‌నిస్" అనే ఓటర్ల జాబితాలోకి దానంతట అదే చేరుతుంది. ఎన్నికకు కొన్ని వారాల ముందు తపాలాలో "వాల్‌బెనాఖ్‌రిష్టిగుంగ్" అనే కాగితం వస్తుంది. అంత పొడవు మాటను చూసి భయపడనక్కర్లేదు. "వాల్" పక్కన సమాచారం తెలపడం అనే అర్థం ఉన్న మాటను అతికించారు, అంతే. కాగితం పోయినా గుర్తింపు కార్డు చూపించి ఓటు వేయవచ్చు. ఇంటి నుంచే వేయదలిస్తే "బ్రీఫ్‌వాల్", అంటే ఉత్తరం ద్వారా ఓటు. సమాఖ్య పార్లమెంటు ఎన్నికల్లో ఇది 1957 నుంచి ఉంది. ఒకప్పుడు కారణం చెప్పాలి, 2008 నుంచి ఆ అవసరం లేదు.

పోలింగు ఎప్పుడూ ఆదివారమో, చట్టబద్ధమైన సెలవు రోజో జరుగుతుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ చోటును "డాస్ వాల్‌లొకాల్" అంటారు. "లొకాల్" అంటే మామూలు మాటల్లో భోజనశాల, బీరు అమ్మే చోటు కూడా. మొదటిసారి విన్నప్పుడు ఎన్నికల సారాకొట్టు అనుకున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. లోపల కూర్చునే మా బృందం పేరు "డెర్ వాల్‌ఫోర్‌ష్టాండ్", దానికి పెద్ద "వాల్‌ఫోర్‌ష్టేయర్". "ఫోర్‌ష్టాండ్" అంటే సంస్థల డైరెక్టర్ల మండలి అని మాత్రమే తెలిసినవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. నీలిసిరా గారి కార్యాలయంలోని ప్రకటన కింద సంతకం చేసినవారు కూడా "వాల్‌ఫోర్‌ష్టాండ్" అయి ఉంటారు. వారు యాజమాన్యం కాదు, ఎన్నిక నడిపే సహోద్యోగులు. మాకు ఆ రోజుకు ఇచ్చే చిన్న మొత్తానికి "ఎర్‌ఫ్రిషుంగ్స్‌గెల్ట్" అని పేరు. దాహం తీర్చుకునే డబ్బు అని అర్థం వస్తుంది. సమాఖ్య ఎన్నికల నియమాల్లో అది సభ్యులకు 25 యూరోలు, అధ్యక్షుడికి 35.

ఓటరు "ష్టిమ్‌ట్సెట్టెల్" అనే బ్యాలెట్ కాగితం తీసుకుని "వాల్‌కబీనె"లోకి వెళ్లి, "క్రొయ్ట్స్", అంటే ఇంటూ గుర్తు పెట్టి, మడిచి "వాల్‌ఉర్నె"లో వేస్తాడు. ఓటు యంత్రాలు లేవు. 2005 ఎన్నికల్లో కొన్నిచోట్ల వాడిన ఓటింగు కంప్యూటర్లు రాజ్యాంగ విరుద్ధమని సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చి 3న తీర్పు ఇచ్చింది. అందుకే "జైన్ క్రొయ్ట్స్ మాఖెన్" అనే ప్రయోగం ఓటు వేయడానికి నేటికీ సజీవమైన పర్యాయపదం. వేలికి సిరా చుక్క లేదు కాబట్టి దానికి జర్మన్ మాట వెతకవద్దు.

"ఉర్నె" గురించి ఒక మాట చెప్పాలి. అస్థికల కలశానికి కూడా అదే పేరు. అయినా పత్రికల్లో "ఆన్ డీ ఉర్నె గేయెన్", "ఉర్నెన్‌గాంగ్" అని ఏ అమంగళ భావనా లేకుండా రాస్తారు. తెలుగులోకి తర్జుమా చేసేటప్పుడు పెట్టె అనే అనండి.

సాయంత్రం 6 గంటలకు తలుపులు మూసి మేము లెక్కింపు, అంటే "ఆవుస్‌త్సేలుంగ్" మొదలుపెడతాం. సరిగ్గా అదే నిమిషానికి టీవీలో "హోఖ్‌రెష్‌నుంగ్" వస్తుంది.

నిఘంటువు

పాతకాపు గారి అనుభవం చదవడానికి ఎంతో బాగుంది కానీ, చివరి వాక్యంలో ఒక సవరణ అవసరం. 6 గంటలకు వచ్చేది "ప్రొగ్నోజె". అది ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగి తయారుచేసిన అంచనా. "హోఖ్‌రెష్‌నుంగ్" దాని తరువాత వస్తుంది. కొన్ని కేంద్రాల్లో నిజంగా లెక్కించిన ఓట్ల ఆధారంగా మొత్తాన్ని గుణించి చెప్పేది అది. తుది ఫలితం "ఎర్‌గేబ్‌నిస్". ఎన్నికలకు ముందు జరిపే సర్వేకు "ఊమ్‌ఫ్రాగె" అని పేరు. "వచ్చే ఆదివారం ఎన్నిక జరిగితే ఎవరికి వేస్తారు" అని అడిగే ప్రసిద్ధమైన ప్రశ్నను "జొన్‌టాగ్స్‌ఫ్రాగె" అంటారు. సంభావనార్థకం, అంటే "ఇలా జరిగితే" అని ఊహించి చెప్పే క్రియారూపం బోధించేటప్పుడు నేను ఆ ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అందులో "వేరె" అనే రూపం సహజంగా వస్తుంది.

పాతకాపు

అంగీకరిస్తున్నాను. ఆ సమయంలో మేము కాగితాలు విప్పుతూ ఉంటాం, టీవీ చూడము. అందుకే పొరబడ్డానని సమర్థించుకుంటాను.

బోహుమ్ విద్యార్థి

నాకు "వాల్" అనే మాట మొదట పరిచయమైంది విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో. "వాల్‌ఫ్లిష్ట్‌మొడూల్" అంటే ఇచ్చిన జాబితా నుంచి తప్పనిసరిగా ఎంచుకోవలసిన పాఠ్యాంశం. ఎంపిక, విధి అనే రెండు విరుద్ధమైన మాటలను ఒకే పదంలో కలపడం వీళ్లకే చెల్లింది.

నా సందేహం "ఎర్స్ట్‌ష్టిమ్మె", "ట్స్వైట్‌ష్టిమ్మె" గురించి. మొదటి ఓటు, రెండవ ఓటు అంటే, మొదటి ప్రాధాన్యం, రెండవ ప్రాధాన్యం అని అర్థమా? మన దగ్గర శాసనమండలి ఎన్నికల్లో పట్టభద్రులు అంకెలు వేసి ప్రాధాన్యం చెబుతారు కదా, అటువంటిదేనా?

పాతకాపు

అటువంటిది కాదు. చాలామంది జర్మన్లు కూడా ఇక్కడే పొరబడతారు. 1953 నుంచి బుండెస్టాగ్, అంటే సమాఖ్య పార్లమెంటు ఎన్నికల్లో ఓటరుకు రెండు ఓట్లు ఉన్నాయి. కాగితంలో ఎడమ పక్క నల్ల అక్షరాలతో ఉండే "ఎర్స్ట్‌ష్టిమ్మె" నియోజకవర్గ అభ్యర్థికి పడుతుంది. కుడి పక్క నీలి అక్షరాలతో ఉండే "ట్స్వైట్‌ష్టిమ్మె" పార్టీ రాష్ట్ర జాబితాకు పడుతుంది. పేరుకు రెండవదే గాని బరువంతా దానిదే. సభలో ఏ పార్టీకి ఎన్ని స్థానాలన్నది దాన్ని బట్టే తేలుతుంది. నియోజకవర్గానికి "వాల్‌క్రైస్" అని పేరు, దేశంలో అవి 299.

2023 సంస్కరణతో సభ్యుల సంఖ్యను 630కి కట్టేశారు. అంతకుముందు "యూబర్‌హాంగ్‌మండాట్", "ఆవుస్‌గ్లైష్స్‌మండాట్" అనే అదనపు స్థానాల వల్ల 2021లో సభ 736 మందికి పెరిగింది. పాత వ్యాసాలు చదివితే ఆ రెండు మాటలూ కనిపిస్తాయి, కొత్తవాటిలో వాటి చోటును "ట్స్వైట్‌ష్టిమ్మెన్‌డెక్కుంగ్" ఆక్రమించింది. నియోజకవర్గంలో మొదటి స్థానంలో నిలిచినా, పార్టీ రెండవ ఓట్ల వాటా ఆ స్థానాన్ని కప్పలేకపోతే అభ్యర్థి సభలోకి రాలేడు అనేది దాని సారం. "డెక్కె" అంటే దుప్పటి అని గుర్తుంచుకుంటే తేలిక. 2025 ఫిబ్రవరి 23 ఎన్నికల్లో 23 మంది ఇలా గెలిచి కూడా బయట ఉండిపోయారు. గెలిచీ ఓడినట్లుగా ఉంది అని మా ఇంట్లో నాన్నగారు అన్నారు. ఆయనకు ఈ పద్ధతిని నేను ఇంతవరకు ఒప్పించలేకపోయాను.

నిఘంటువు

దానితోపాటు "ఫ్యున్ఫ్ ప్రొట్సెంట్ హ్యూర్డె" కూడా నేర్చుకోండి. రెండవ ఓట్లలో 5 శాతం దాటని పార్టీకి జాబితా స్థానాలు రావు. ఆటల పోటీల్లో దూకే అడ్డుకర్రను "హ్యూర్డె" అంటారు. దాటలేకపోవడాన్ని "ఆన్ డెర్ హ్యూర్డె షైటర్న్" అంటారు, అక్కడ "ఆన్" తరువాత చతుర్థీ రూపం వస్తుంది. 2025లో బీఎస్‌డబ్ల్యూ అనే కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయినప్పుడు పత్రికలు "క్నప్ గెషైటర్ట్" అని రాశాయి. "క్నప్" అంటే కొద్దిలో, వెంట్రుకవాసిలో. ఈ అడ్డుకర్రకు ఒక పక్కదారి ఉంది: మూడు నియోజకవర్గాలు గెలిస్తే చాలు. దాన్ని "గ్రుండ్‌మండాట్స్‌క్లావుజెల్" అంటారు. 2021లో 4.9 శాతంతోనే డీ లింకె పార్టీ ఆ దారినే సభలోకి వచ్చింది.

గోస్తనీ

నేను ష్టుట్‌గార్ట్ పరిసరాల్లో ఉంటాను. ఇక్కడి ఒక తెలుగు సంఘానికి కార్యదర్శిగా మూడేళ్లు పనిచేశాను. మా సంఘం నియమావళి ప్రకారం ప్రతి ఏడూ సభ్యుల సమావేశం జరిపి కార్యవర్గాన్ని ఎన్నుకుని, ఆ వివరాలను జర్మన్‌లో రాసి ఉంచాలి. తొలి ఏడు నేను రాసిన ఆ నివేదికను జర్మన్ మిత్రుడొకరు సరిదిద్దుతూ అడిగిన ప్రశ్నలను బట్టే, మన తెలుగు ఎన్నికల పరిభాష మనల్ని ఎంత పక్కదారి పట్టిస్తుందో తెలిసింది.

మొదటిది "మెజారిటీ". మనం "పదివేల మెజారిటీతో గెలిచాడు" అంటాం. తెలుగులో ఆ మాటకు తేడా, ఆధిక్యం అనే అర్థం స్థిరపడిపోయింది. జర్మన్‌లో "మేర్‌హైట్" అంటే సగానికి మించిన భాగమో, ఎక్కువమంది మద్దతో అవుతుంది గాని, తేడా కాదు. "మిట్ ట్సేన్‌టౌజెంట్ మేర్‌హైట్" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. "మిట్ ఐనెమ్ ఫోర్‌ష్ప్రుంగ్ ఫోన్ ట్సేన్‌టౌజెంట్ ష్టిమ్మెన్" అనాలి. "ఫోర్‌ష్ప్రుంగ్" అంటే ముందుకు వేసిన దూకు.

రెండవది "ఏకగ్రీవం". "ఐన్‌ష్టిమ్మిష్" అంటే ఒకే గొంతుతో అని, మన మాట ఒకే మెడతో అని. మెడకు, గొంతుకు దూరం లేదు కాబట్టి ఇవి సరిగ్గా సమానార్థకాలని సంబరపడ్డాను. కాని మన పంచాయతీల్లో ఏకగ్రీవం అంటే పోటీయే లేకపోవడం, ఓటింగే జరగకపోవడం. "ఐన్‌ష్టిమ్మిష్" అంటే ఓటింగు జరిగి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడకపోవడం. పోటీ లేదని చెప్పాలంటే "ఓనె గేగెన్‌కండిడాటెన్" అనాలి. మా సంఘంలో ఒక్కరే నిలబడినా చేతులెత్తించి లెక్క చూడవలసి వచ్చింది.

ఆ లెక్కింపు కూడా ఒక చిన్న పాఠం. అధ్యక్షత వహించినవారు వరుసగా "వేర్ ఇస్ట్ డఫ్యూర్? వేర్ ఇస్ట్ డగేగెన్? వేర్ ఎంట్‌హెల్ట్ జిష్?" అని అడుగుతారు: ఎవరు అనుకూలం, ఎవరు వ్యతిరేకం, ఎవరు తటస్థం. గెలిచినవారిని "నేమెన్ జీ డీ వాల్ ఆన్?" అని అడగాలి, వారు "యా, ఇష్ నేమె డీ వాల్ ఆన్" అని ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న మరచిపోయి నేను చప్పట్లు కొట్టించాను.

సందేహి

మన దగ్గర "డిపాజిట్ గల్లంతైంది", "టికెట్ ఇచ్చారు", "నోటా" అనే మాటలు లేకుండా ఎన్నికల వార్తే ఉండదు. వీటికి జర్మన్ మాటలేమిటి?

గోస్తనీ

సందేహి గారూ, డిపాజిట్ అనే ఏర్పాటే జర్మనీలో లేదు, డబ్బు బదులు సంతకాలు అడుగుతారు. బుండెస్టాగ్‌కు ఒక నియోజకవర్గంలో స్వతంత్రంగా నిలబడేవారు అక్కడి ఓటర్ల నుంచి 200 సంతకాలు తేవాలి. వాటిని "ఉంటర్‌ష్ట్యుట్సుంగ్స్‌ఉంటర్‌ష్రిఫ్టెన్" అంటారు. ఒక్క ఊపిరిలో పలకడమే ఒక పరీక్ష. చాలా వెనకబడి ఓడిపోయాడని చెప్పాలంటే "వైట్ అబ్‌గెష్లాగెన్" సరిపోతుంది. టికెట్ ఇవ్వడాన్ని "ఆవుఫ్‌ష్టెల్లెన్" అనే క్రియతో చెబుతారు: పార్టీ ఆమెను నిలబెట్టింది. "టికెట్" అంటే మాత్రం రైలు టికెట్టే అనుకుంటారు. నోటా లేదు, ఎవరూ నచ్చనివారు కాగితాన్ని ఖాళీగా వేసినా, దాని మీద ఏదైనా రాసినా అది "ఉంగ్యుల్టిష్", అంటే చెల్లని ఓటు అవుతుంది.

ఇంకొక ఉచ్చు "ఎంపీ". జర్మన్ పత్రికల్లో ఆ రెండక్షరాలు కనిపిస్తే పార్లమెంటు సభ్యుడనుకోకండి. "మినిస్టర్‌ప్రెసిడెంట్" అనే మాటకు అది సంక్షిప్తం, అంటే మన ముఖ్యమంత్రికి సమానమైన పదవి. పార్లమెంటు సభ్యుడికి "ఎమ్‌డీబీ", రాష్ట్ర శాసనసభ్యుడికి "ఎమ్‌డీఎల్". నేను ఒక వార్తలో నలుగురు ఎంపీలు సమావేశమయ్యారని చదివి, ఇంత చిన్న సంగతి మొదటి పుటలో ఎందుకు వేశారా అనుకున్నాను.

బోహుమ్ విద్యార్థి

పౌరసత్వ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రుడొకరు "ఆక్టీవెస్ వాల్‌రెష్ట్", "పాస్సీవెస్ వాల్‌రెష్ట్" అనే మాటలు అడిగాడు. పాస్సివ్ అంటే ఓటు ఉండి వేయకపోవడం అని నేను చెప్పాను. తరువాత నాకే అనుమానం వచ్చింది.

పాతకాపు

వెంటనే మిత్రుడికి చెప్పి సరిదిద్దండి. ఓటు వేసే హక్కు "ఆక్టీవ్", ఎన్నికయ్యే హక్కు "పాస్సీవ్". వ్యాకరణం వైపు నుంచి చూస్తే తప్పదు: "నేను ఎన్నుకుంటాను" కర్తరి, "నేను ఎన్నుకోబడతాను" కర్మణి. నిలబడటం ఎంత శ్రమతో కూడిన పని అయినా భాష దాన్ని కర్మణి ప్రయోగంలోనే చూస్తుంది. ఓటుకు వెళ్లనివారిని "నిష్ట్‌వేలర్" అంటారు. మొదటిసారి ఓటు వేసేవారు "ఎర్స్ట్‌వేలర్". దీన్ని "ఎర్స్ట్‌ష్టిమ్మె"తో కలిపేయవద్దు. ఆ పరీక్షలో 33 ప్రశ్నలుంటాయి, 17 సరైనవి ఉంటే చాలు. ఎన్నికల మీద వచ్చే ప్రశ్నల్లో సగం సమాధానం ఈ మాటల అర్థంలోనే ఉంటుంది.

రాజ్యాంగం 38వ అధికరణంలోని ఐదు విశేషణాలను కూడా కంఠస్థం చేయించండి: "అల్‌గెమైన్, ఉన్‌మిట్టెల్‌బార్, ఫ్రై, గ్లైష్, గెహైమ్". అంటే సార్వత్రికం, ప్రత్యక్షం, స్వేచ్ఛాయుతం, సమానం, రహస్యం.

నీలిసిరా

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ఒక సందేహం మాత్రం మిగిలింది. "వాల్", "అబ్‌ష్టిముంగ్" రెండింటినీ నిఘంటువుల్లో ఓటింగు అనే అర్థంతోనే ఇచ్చారు. మా కార్యాలయంలో భోజనాల వేళ మార్చాలా వద్దా అని చేతులెత్తించినప్పుడు ఏ మాట వాడాలి?

నిఘంటువు

"అబ్‌ష్టిముంగ్". మనుషులనో పార్టీలనో ఎన్నుకుంటే "వాల్". ఒక విషయం మీద అవును కాదు తేల్చుకుంటే "అబ్‌ష్టిముంగ్", దాని క్రియతో "యూబర్" వస్తుంది: "విర్ ష్టిమ్మెన్ యూబర్ డీ పావుజెన్‌త్సైట్ అబ్". రాజ్యాంగం 20వ అధికరణం కూడా ప్రజలు తమ అధికారాన్ని "ఇన్ వాలెన్ ఉంట్ అబ్‌ష్టిముంగెన్" చెలాయిస్తారని రెండు మాటలనూ విడివిడిగానే చెబుతుంది. బెర్లిన్‌లో 2021 సెప్టెంబరు 26న బుండెస్టాగ్‌కు, నగర శాసనసభకు జరిగినవి "వాలెన్". అదే రోజు అదే కేంద్రాల్లో ఇళ్ల సమస్య మీద జరిగిన "ఫోక్స్‌ఎంట్‌షైడ్", అంటే ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం "అబ్‌ష్టిముంగ్". ఆ రోజు ఏర్పడిన గందరగోళం వల్ల నగర ఎన్నికను 2023 ఫిబ్రవరి 12న మళ్లీ జరపవలసి వచ్చింది. దాన్ని "వీడర్‌హోలుంగ్స్‌వాల్" అన్నారు. గడువుకు ముందే సభ రద్దయి జరిగేది "నొయ్‌వాల్", ఉన్నవారే తిరిగి ఎన్నికైతే "వీడర్‌వాల్", ఇద్దరి మధ్య తుది పోటీ "ష్టిష్‌వాల్". "ష్టిమ్ముంగ్" అనే మాటకు మాత్రం ఓటుతో సంబంధం లేదు, మనఃస్థితి అని అర్థం. నా విద్యార్థి ఒకరు "మంచి ఓటింగు జరిగింది" అని రాయబోయి "మంచి ఉత్సాహంగా ఉంది" అని రాశాడు.

గోస్తనీ

"ఎంట్‌హాల్టెన్" సంగతి కూడా చెప్పండి నిఘంటువు గారూ. అక్కడ షష్ఠీ విభక్తి వస్తుందని మా సంఘంలో ఎవరూ నమ్మలేదు.

నిఘంటువు

నిజమే. "జిష్ డెర్ ష్టిమ్మె ఎంట్‌హాల్టెన్" అనే రూపంలో "డెర్ ష్టిమ్మె" షష్ఠి. సంభాషణలో "ఇష్ ఎంట్‌హాల్టె మిష్" అని కుదిస్తారు, అది కూడా శుద్ధమే. ప్రభుత్వాధినేత అయిన చాన్సలర్ ఎన్నికకు "కాంట్స్‌లర్‌మేర్‌హైట్" కావాలి, అంటే వచ్చినవారిలో సగం కాదు, మొత్తం సభ్యుల్లో సగానికి పైన. 630 మందిలో 316. 2025 మే 6న ఫ్రీడ్రిష్ మెర్ట్స్‌కు తొలి "వాల్‌గాంగ్"లో 310 ఓట్లే వచ్చాయి, రెండవదానిలో 325 వచ్చాయి. మొదటి విడతలో ఓడిన చాన్సలర్ అభ్యర్థి అంతకుముందు లేడు. మనం "చావు తప్పి కన్ను లొట్టపోయింది" అంటాం కదా, జర్మన్‌లో కూడా "మిట్ ఐనెమ్ బ్లావెన్ ఆవుగె డఫోన్‌కొమ్మెన్" అంటారు, కమిలి నీలమైన కంటితో బయటపడటం. రెండు భాషలూ కన్ను మీదే ఎందుకు పడ్డాయో గాని, ఎన్నికల విశ్లేషణల్లో ఇది తరచుగా కనిపిస్తుంది.

బోహుమ్ విద్యార్థి

"ఆంపెల్" గురించి ఎవరూ రాయలేదు. ట్రాఫిక్ దీపం కూలిపోయిందని వార్త చదివి, ఏ కూడలిలో అని వెతికినవాణ్ణి నేను.

పాతకాపు

సంకీర్ణాలకు పార్టీల రంగులను బట్టి పేర్లు పెడతారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిస్తే "ఆంపెల్". నలుపు, పసుపు, ఆకుపచ్చ అయితే జమైకా దేశపు జెండాను బట్టి "యమైకా". పెద్ద పార్టీలు రెండూ కలిస్తే "గ్రోకో". 2013లో "గ్రోకో", 2024లో "ఆంపెల్ ఆవుస్" ఆ ఏటి మాటలుగా ఎంపికయ్యాయి. "ఆవుస్" అంటే ఇక్కడ ముగిసిపోవడం.

నీలిసిరా గారూ, మీ కార్యాలయ ఎన్నిక గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. భారతీయ పౌరసత్వం ఉన్నవారికి బుండెస్టాగ్ ఎన్నికల్లో గాని, నగరపాలక ఎన్నికల్లో గాని ఓటు లేదు. బెట్రీబ్స్‌రాట్ ఎన్నికలో పౌరసత్వం చూడరు. 16 ఏళ్లు నిండిన ఉద్యోగులందరూ "వాల్‌బెరెష్టిష్ట్", అంటే ఓటు హక్కు ఉన్నవారు, ఉన్నత యాజమాన్య స్థాయివారు మినహా. 18 ఏళ్లు నిండి ఆరు నెలలు ఆ సంస్థలో ఉంటే "వేల్‌బార్" కూడా, అంటే మీరే నిలబడవచ్చు. నాలుగేళ్లకు ఒకసారి మార్చి, మే నెలల మధ్య జరుగుతుంది. ఆ నాలుగు పుటలు ఈసారి చివరిదాకా చదవండి.

నీలిసిరా

నిన్న కూర్చుని చదివాను. నిఘంటువు తీయకుండా రెండున్నర పుటలు గడిచాయి. చదివినదాన్ని బట్టి మూడు వాక్యాలు రాశాను, దయచేసి దిద్దండి. "ఇష్ బిన్ వాల్‌బెరెష్టిష్ట్. మైన్ కొలేగె ష్టెల్ట్ జిష్ త్సుర్ వాల్. ఇష్ వేలె డీజెన్ కండిడాట్."

సవరించిన వాక్యాన్ని ఆ సహోద్యోగికి కూడా వినిపించాను: "ఇష్ వేలె డిష్". ఆయన చెవిలో చెప్పినట్లుగా "వాల్‌గెహైమ్‌నిస్!" అని నవ్వి వెళ్లిపోయాడు. ఓటు రహస్యం, చెప్పనక్కర్లేదు అని ఆయన భావం అనుకుంటాను.

నిఘంటువు

అదే భావం. "గెహైమ్" అనే ఐదవ విశేషణం నుంచి వచ్చిన మాట అది, "డాస్ వాల్‌గెహైమ్‌నిస్", నపుంసక లింగం. మీ మొదటి రెండు వాక్యాలూ నిర్దోషంగా ఉన్నాయి. మూడవదానిలో "డీజెన్ కండిడాటెన్" అని రాయండి. ప్రథమా విభక్తి ఏకవచనంలో తప్ప ఆ మాట చివర "ఎన్" విడవదు.